బాదం చెట్టు మీద వాకబు

ఆ రోజుల్లో అమెరికాలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే ముందుగా అడిగే ప్రశ్న "బాగున్నారా?" అని కాదు, "ఎక్కడ చేస్తున్నారు?" అని. జవాబుగా ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పగలిగితే మనం బాగున్నట్టే లెక్క. ఒంట్లో ఎలా ఉందో, మనసులో ఎలా ఉందో వేరే చెప్పనక్కర్లేదు. చెప్పలేకపోతే ఎదుటివాడు "అలాగా" అని మన భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో సమోసా అందుకుని, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఎనభైల మొదట్లో, అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డుతో, మెకానికల్ ఇంజినీరింగ్ పట్టాతో నేను న్యూజెర్సీలో దిగేసరికి, నేనొస్తున్నానని ముందే ఎవరో చెప్పినట్టు ఉద్యోగాలన్నీ అక్కణ్ణించి పారిపోయాయి. ఏ కంపెనీకి అప్లై చేసినా "మీ వివరాలు మా ఫైల్లో ఉంచుకుంటాం" అని మర్యాదగా జవాబు వచ్చేది. (ఆ ఫైళ్ళన్నీ ఇప్పటికీ ఎక్కడో భద్రంగా ఉండే ఉంటాయి. అమెరికావాళ్ళు అన్నమాట తప్పరు.)

అక్కా బావా ఐసెలిన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. నేను వాళ్ళ హాల్లో సోఫా మీద పడుకునేవాణ్ణి. సోఫాకి నా పొడుగు సరిపోక కాళ్ళు అవతలికి వేలాడేవి. పొద్దున్నే బావ ఆఫీసుకి వెళ్తూ ఆ కాళ్ళకేసి ఒకసారి చూసి నిట్టూర్చేవాడు. బావ మంచివాడే. కానీ మా ఊళ్ళో తన మాట ఎంత చెల్లుతుందో అమెరికాలో కూడా అంతే చెల్లుతుందని నమ్మిన మనిషి. "మా బావమరిది వస్తున్నాడు, ఇంజినీరు, దిగగానే ఎగరేసుకుపోతారు" అని నేను రాకముందే ఊరంతా చాటి ఉంచాడు. దిగి నెలలు గడుస్తున్నా నన్నెవరూ ఎగరేసుకుపోలేదు. శనివారం భోజనాలప్పుడు ఎవరైనా నన్ను "ఎక్కడ చేస్తున్నావోయ్?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపల బావే "ఆఫర్లు చూస్తున్నాడండీ, తొందరేముంది" అని చెప్పి, వాళ్ళ కంచంలో ఇంత పులిహోర వడ్డించేసేవాడు.

ఇలా ఉండగా మా పైన ఫ్లోర్‌లో ఉండే యూదుల పెద్దావిడ మెట్ల మీద అక్కని ఆపి, "మీ తమ్ముడు ఖాళీయేనా? చిన్నపిల్లలంటే భయం లేదు కదా?" అని అడిగింది. ఆవిడ పక్క వీధిలో వాళ్ళ ప్రార్థనా మందిరం కింద, బేస్‌మెంట్‌లో, మూడేళ్ళ నాలుగేళ్ళ పిల్లలకి బడి నడుపుతోంది. అందరూ ఆవిణ్ణి 'మోరా' అని పిలుస్తారు. వాళ్ళ భాషలో పంతులమ్మ అని అర్థమట. ఆవిడకి కావలసింది విద్యావంతుడు కాదు, నిచ్చెన లేకుండా సీలింగ్‌కి రంగు కాగితాలు కట్టగల పొడుగు మనిషి. ఈ దేశంలో నా యోగ్యతని గుర్తించిన మొదటి వ్యక్తి ఆవిడే. మర్నాటి నుంచి నేను నర్సరీ బడిలో అసిస్టెంటుని. పని ఏమిటంటే బూట్ల జిప్పులు లాగడం, ముక్కులు తుడవడం, జ్యూస్ పోయడం, పోసిన జ్యూస్ ఒలికితే తుడవడం. నా పేరు పిల్లలకి నోరు తిరగక 'మిస్టర్ కే' అయ్యాను. నాకు ఆ పని బాగా నచ్చింది. ఆ మాట ఇంట్లో పైకి అనే ధైర్యం మాత్రం లేదు.

బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు. "ఒరేయ్, నువ్వు చేసే పనిని ఏమంటారో తెలుసా? ఆయా పని అంటారు. బయట ఎవరికీ చెప్పకు, నేను చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా. తర్వాతి శనివారం కల్లా నేను 'ఎడ్యుకేషన్ ఫీల్డ్'లో ఉన్నాను. ఆ పై వారానికి 'చైల్డ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్'లో చేరాను. నెల తిరిగేసరికి 'మేనేజ్‌మెంట్ సైడ్' వచ్చేశాను. ఇంత తొందరగా ప్రమోషన్లు వచ్చినవాడు మా వంశంలో లేడు. జిప్పులు మాత్రం నేనే లాగుతున్నాను.

ఆ ప్రమోషన్ల పుణ్యమా అని ఒక సంబంధం వచ్చింది. పెన్సిల్వేనియాలో ఉండే గుండె డాక్టరు గారి ఏకైక కూతురు, ఫార్మసీ చదువుతోంది. ఫోటో పంపారు. కారు బానెట్‌కి ఆనుకుని, గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే ఒక చేత్తో పట్టుకుని నవ్వుతోంది. పెళ్ళిచూపుల ఫోటోలో నవ్విన అమ్మాయిని నేను అంతవరకూ చూడలేదు. ఆ ఫోటోని నేనెన్నిసార్లు చూశానో చెప్పను. అక్క విసిగిపోయి దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. దాంతో ఆ వారమంతా ఇంట్లో బియ్యం కడిగే పని నేనే చేశాను. ఆ సంబంధం కుదరాలని నాకంటే గట్టిగా కోరుకున్నవాడు న్యూజెర్సీ మొత్తంలో లేడు. బావ ఒకడున్నాడేమో.

డాక్టరు గారు ఫోన్లో అంతా సావధానంగా విన్నారట. ఇన్‌స్టిట్యూట్ ఏ వీధిలో ఉందని మాటవరసకి అడిగారట. మాటవరసకే కదా అని బావ చెప్పేశాడు. మన వాళ్ళలో పిల్లనిచ్చే మామగారు మాటవరసకి అడిగే ప్రశ్న ఒక్కటి కూడా ఉండదని, పెళ్ళై పదేళ్ళైన బావకి తెలియకపోవడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఇక్కడ బడిలో ఒక పాప గురించి చెప్పాలి. నాలుగేళ్ళు నిండని పిల్ల. ఎర్ర కోటు వేసుకుని వచ్చేది. బడి తెరిచిన రోజు నుంచి ఆ కోటు విప్పలేదు. లోపల హీటర్ భగభగమంటున్నా, మెడ దాకా జిప్పు పెట్టుకుని, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందా అని గుమ్మంకేసి చూస్తూ ఉండేది. ఏడవదు, మాట్లాడదు, ఆటకి రాదు. ఎవరైనా కోటు మీద చెయ్యి వేస్తే మాత్రం బిల్డింగ్ అదిరేలా అరిచేది. మోరా ఎవర్నీ బలవంతం చెయ్యనిచ్చేది కాదు. "విప్పాలనిపించినప్పుడు విప్పుతుంది, అప్పటిదాకా మనం కనిపెట్టుకుని ఉండాలి" అనేది. వాళ్ళమ్మ మాత్రం రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి, నోటితో అడగకుండా, నా మొహంలోకి చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. నా రోజు మొత్తంలో నాకు నచ్చని పని అదొక్కటే.

చలికాలం మధ్యలో వాళ్ళకో పండగ వచ్చింది. చెట్ల పుట్టినరోజు. వాళ్ళదీ మనలాగే చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే పంచాంగం, పండగ సరిగ్గా నిండు పున్నమికి వస్తుంది. వాళ్ళ దేశంలో అప్పుడు బాదం చెట్లు పూత పూస్తాయట. ఐసెలిన్‌లో అప్పుడు మోకాలి లోతు మంచు. కిటికీలోంచి చూస్తే ఒక్క చెట్టుకి ఒక్క ఆకు లేదు. "ఇదేం పండగ రా, చెట్లకి పుట్టినరోజేమిటి, పిచ్చి కాకపోతే?" అన్నాడు బావ. అక్క గరిటె ఆపి, "మనం తులసికి ఏటా పెళ్ళి చెయ్యట్లా? ఉసిరి చెట్టుకి పూజ చేసి దాని కింద భోజనాలు చెయ్యట్లా? పెళ్ళికంటే పుట్టినరోజు నయం, కట్నకానుకల గొడవ ఉండదు" అంది.

మోరా ఆ పండగకి వారం ముందు నుంచే హడావిడి మొదలుపెట్టింది. పిల్లలు కోడిగుడ్ల అట్టపెట్టెల్లో మట్టి నింపి కొత్తిమీరలాంటి పార్స్‌లీ గింజలు నాటారు. (అది వసంతంలో వచ్చే ఇంకో పండగకి మొలిచి చేతికి రావాలట. ఒక కుర్రవాడు మాత్రం మొలిచిందో లేదో చూడ్డానికి రోజూ గింజల్ని తవ్వి తీసి, మళ్ళీ నాటేవాడు.) అంజూరాలు, ఖర్జూరాలు, ఎండు ద్రాక్ష, బాదం పప్పులు పళ్ళేల్లో పెట్టి వాసన చూపించింది. కేరబ్ అని నల్లటి ఎండుకాయ ఒకటి ఉంది. చూడ్డానికి మన చింతకాయలా వంకరగా ఉంటుంది. కొరికితే పన్ను ఊడుతుంది కానీ అది ఊడదు. ఇక అసలు విశేషం, నిలువెత్తు అట్ట చెట్టు. మోరా దాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటూ వస్తోంది. పండగ రోజున పిల్లలందరూ గులాబిరంగు కాగితప్పూలు చేసి ఒక్కొక్కరే వచ్చి దానికి అంటించాలి. అందరూ అంటించేసరికి చెట్టు పూత పూసినట్టు. అప్పుడు తల్లిదండ్రుల్ని పిలిచి చూపిస్తారు.

పండగ ముందురోజు బేస్‌మెంట్‌లో హీటర్ పైపు ఒకటి కారడం మొదలైంది. "మిస్టర్ కే, నువ్వు ఇంజినీరువి కదా?" అంది మోరా. ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! నేను చొక్కా చేతులు మడిచి, రెంచ్ తెప్పించుకుని, పైపు చుట్టూ ఒకసారి గంభీరంగా తిరిగి, కాలేజీలో చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ అంతా గుర్తు తెచ్చుకుని, ఒక వాల్వ్ తిప్పాను. కారుతున్న పైపు అలాగే కారింది. దాని పక్కన ఇంకో పైపు కూడా మొదలైంది. ఆ రెండో పైపు కింద, గోడకి ఆనించి, అట్ట చెట్టు ఉంది. బిల్డింగ్ చూసుకునేవాడు వచ్చి మెయిన్ వాల్వ్ కట్టేసేసరికి చెట్టు మెత్తబడి, ముందుకి వంగి, దండం పెడుతున్నట్టు నేల మీద పడిపోయింది. మోరా చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. కింద నుంచి పైదాకా, పైనుంచి కింద దాకా, బట్టల కొట్లో కొలత తీసుకునేవాడిలా. "నీ పొడుగు ఎంత?" అంది.

అలా నేను చెట్టునయ్యాను. నడుం దాకా గోధుమరంగు ప్యాకింగ్ కాగితం చుట్టి, చేతులకి కూడా అదే కాగితం చుట్టి, టేపు వేసి, నెత్తిమీద ఎండు కొమ్మలు కట్టిన హ్యాటు పెట్టారు. బాదం చెట్టంటే నా మనసులో ఉన్నది మా హైస్కూలు ఆవరణలో ఉండే చెట్టు. వెడల్పాటి ఆకులు, గొడుగులా అడ్డంగా పరుచుకున్న కొమ్మలు. అంచేత నేను చేతులు రెండూ బార్లా చాపి నిలబడ్డాను. తీరా చూస్తే వాళ్ళ బాదం చెట్టు వేరట, కొమ్మలు పైకి ఉంటాయట. కానీ అడ్డంగా ఉంటేనే పిల్లలకి అందుతాయని మోరా అలాగే ఉండమంది. రిహార్సల్లో నాకు ముక్కు దురద పుట్టి గోక్కున్నాను. అంతే, పిల్లల్లో సగంమంది "చెట్టు కదిలింది!" అని కేక పెట్టి బల్లల కిందకి దూరారు. ఎర్ర కోటు పాప అప్పుడే కుర్చీలోంచి ఒక కాలు కిందకి దించిందల్లా గభాల్న వెనక్కి తీసుకుంది. మోరా నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది: "మిస్టర్ కే, చెట్లు ముక్కు గోక్కోవు. చెట్లు మాట్లాడవు. ఆ పిల్ల కాలు కిందకి దించింది, చూశావా? రేపు ఆకాశం ఊడిపడినా నువ్వు కదలకూడదు." నేను మాటిచ్చాను. కదలకుండా ఉండడం పెద్ద పనా, నెలల తరబడి సోఫా మీద చేస్తున్నదే కదా అనుకున్నాను.

పండగ రోజు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పూలు అంటిస్తున్నారు. జిగురు నా మోచేతి దాకా కారుతోంది. గింజలు తవ్వే కుర్రవాడు వచ్చి నా మోకాలి మీద ఒక పువ్వు అంటించి, మొలిచానా లేదా అన్నట్టు నా కాగితం అంచు ఎత్తి లోపలికి తొంగిచూసి వెళ్ళాడు. అందరూ అయిపోయారు. కోటు పాప ఒక్కతే మిగిలింది. మోరా ఆమెకేసి చూడకుండా, ఏమీ పట్టనట్టు పళ్ళేలు సర్దుకుంటోంది. పాప కుర్చీ దిగింది. చేతిలో నలిగిపోయిన గులాబిరంగు పువ్వు ఉంది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్ళీ ఒక అడుగు. నా గుండె కొట్టుకోవడం కాగితంలోంచి వినబడుతుందేమోనని భయమేసింది.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. బూడిదరంగు సూటు, మెరుస్తున్న బూట్లు, చేతిలో టోపీ. అటువైపు ఏదో ఆసుపత్రిలో మీటింగ్‌కి వచ్చి, దారిలో ఒకసారి చూసిపోదామని ఆగారట డాక్టరు గారు. పైన ఆఫీసులో నా పేరు చెబితే "కింద ఉన్నాడు" అన్నారట. ఇన్‌స్టిట్యూట్‌లో మేనేజ్‌మెంట్ సైడు నేలమాళిగలో ఎందుకుంటుందా అనుకుంటూ దిగి ఉంటారు పాపం. ఆయన గది అంతా కలియజూశారు. మోకాలెత్తు కుర్చీలు, జిగురు, మట్టి, పిల్లలు, ఒక ముసలావిడ, ఒక చెట్టు. "ఎక్స్‌క్యూజ్ మీ, మిస్టర్..." అని నా ఇంటిపేరుతో సహా చెప్పి ఎక్కడ ఉన్నారని అడిగారు. గింజల కుర్రవాడు మహా ఉత్సాహంగా నన్ను చూపించి, "మిస్టర్ కే యేనా? ఆయన చెట్టు" అన్నాడు.

డాక్టరు గారు నా దగ్గరికి వచ్చారు. అక్కడ హ్యాటు కింద నల్లటి తెలుగు మొహం ఒకటి గుర్తుపట్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాబోయే మామగారు మొదటిసారి ఎదురుపడినప్పుడు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టకపోతే, ఆ తర్వాత ఎన్ని డిగ్రీలు చూపించినా చెల్లవు. ఉన్న రెండు చేతులూ కొమ్మలు. నమస్కారం పెట్టాలంటే పూసిన చెట్టు మొత్తం కూలాలి. నా కంటి చివర్లో ఎర్రగా ఏదో కదిలింది. కోటు పాప. ఆగలేదు, వస్తోంది. మోరా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి నన్ను చూస్తోంది. 'కదలొద్దు' అని ఆవిడ కళ్ళు అంటున్నాయి. 'కదలరా దౌర్భాగ్యుడా' అని బియ్యం డబ్బాలోంచి ఫోటో అంటోంది.

నేను కదల్లేదు.

"ఏమయ్యా, మీ బావగారు చెప్పే ఉంటారు, నేను పెన్సిల్వేనియా నుంచి..." అన్నారాయన. నేను ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడ్డాను. "నిన్నేనయ్యా, వినపడుతోందా?" చెట్టు పలకలేదు. "ఒంట్లో బాగానే ఉందా?" అని డాక్టరు బుద్ధి పోనిచ్చుకోక నా కళ్ళలోకి టార్చి వేసినట్టు చూశారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఎవరో పెద్దమనిషి వచ్చి తమకి తెలియని భాషలో చెట్టుతో మాట్లాడుతున్నాడు. గింజల కుర్రవాడు పక్కదానితో గుసగుసగా, "ఆయనకి చెట్ల భాష వచ్చు" అన్నాడు. ఆ మాట గదంతా పాకింది. ఒక పిల్ల వచ్చి ఆయన సూటు అంచు పట్టుకుని, "ఇవాళ దాని పుట్టినరోజు. సంతోషంగా ఉందా అని మీ భాషలో అడగండి" అంది. డాక్టరు గారు ఎర్రబడ్డారు. నలుగురు పిల్లలు తలెత్తి చూస్తుంటే కాదనలేక, గొంతు సవరించుకుని, "ఏమయ్యా... సంతోషంగా ఉన్నావా?" అని అడిగారు. అంతవరకూ నన్నెవరూ అడగని ప్రశ్న అది. మోరా, ఎవరూ ఊరికే నిలబడితే సహించని మనిషి, ఆయన చేతిలో ఒక కేరబ్ కాయ పెట్టి కూర్చోమని చెప్పింది. కూర్చోవడానికి ఉన్నది మోకాలెత్తు కుర్చీ. గుండె డాక్టరు గారు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ కాయ కొరికి, పన్ను పట్టుకున్నారు.

కోటు పాప ఇవేవీ చూడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. పైకి కిందకి చూసింది. అందరూ అంటించేశారు కాబట్టి కింద ఎక్కడా చోటు లేదు. పైన అంటించాలంటే చెయ్యి ఎత్తాలి, లావుపాటి కోటు చేతులు పైకి లేవవు. కొంతసేపు ఆలోచించింది. తర్వాత జిప్పు మీద చెయ్యి వేసింది. ఆ జిప్పు కిందకి దిగుతున్న చప్పుడు నాకు ఇవాళ్టికీ చెవుల్లో ఉంది. కోటు విప్పింది. విప్పి అటూ ఇటూ చూసి, ఎక్కడ పెట్టాలో తోచక, దగ్గర్లో ఉన్న కొమ్మకి తగిలించింది. ఆ కొమ్మ నా కుడిచెయ్యి. తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, చేతులు రెండూ చాచి, ఆ బడిలో తన మొదటి మాట అంది: "ఎత్తుకో."

ఆయన కాయ పక్కన పెట్టారు. సూటు నలుగుతుందని చూసుకోలేదు. లేచి పాపని ఎత్తుకుని నా మొహం దగ్గరికి తెచ్చారు. ఆ పిల్ల బాగా ఆలోచించి పువ్వుని నా ముక్కు మీద అంటించింది. ఆయన మొహానికీ నా మొహానికీ మధ్య జానెడు దూరం. నా కళ్ళలో నీళ్ళు ఆయనకి కనిపించి ఉండాలి. ఆయన కళ్ళు కూడా పూర్తిగా పొడిగా లేవని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆ క్షణంలో మా ఇద్దరి మధ్యా సంబంధం ఖాయమైపోయిందనే అనుకున్నాను. పాపని దించి, సూటు దులుపుకుని, టోపీ తీసుకుని, "సరే మరి, వస్తానయ్యా" అన్నారు. అని, ఒక్క నిమిషం ఆగారు. ఎందుకు ఆగారో నాకు తెలుసు. నా కుడిచేతి మీద ఎర్ర కోటు ఉంది. పాప నా కాళ్ళ దగ్గరే కూర్చుని ఖర్జూరం తింటోంది. డాక్టరు గారు తల పంకించి వెళ్ళిపోయారు.

సాయంత్రం పాప వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చి, తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉండడం చూసి గాభరాగా నావైపు తిరిగింది. చెట్టు కాబట్టి తల ఊపలేకపోయాను. చేతికి వేలాడుతున్న కోటు చూసి, ఆవిడ అక్కడే మట్టి ఒలికిన నేల మీద కూలబడి ఏడ్చింది. మోరా ఆవిడకి జ్యూస్ ఇచ్చింది. తర్వాత నా కాగితం విప్పుతూ, "ఇన్నేళ్ళలో ఇంత మంచి చెట్టు నాకు దొరకలేదు" అంది. ఆ తర్వాత చాలామంది నన్ను మెచ్చుకున్నారు కానీ, ఆ మాట విన్నప్పుడు పొంగినంతగా మళ్ళీ ఎన్నడూ పొంగలేదు.

రెండ్రోజుల తర్వాత బావకి ఫోన్ వచ్చింది. బావ "అలాగాండీ... అవునాండీ... చిత్తం" అంటూ విని, ఫోన్ పెట్టేశాడు. "జాతకాలు కలవలేదట" అన్నాడు.

"మనం జాతకం పంపనే లేదు కదా!" అంది అక్క.

"అదే నేనూ అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పెద్దవాళ్ళు వస్తే లేచి నమస్కారం పెట్టని కుర్రాడికి పిల్లనివ్వరట."

"లేవడానికి వీడు కూర్చుంటే కదా! నిలబడే ఉన్నాడు కదా!" అంది అక్క. అని నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. బావ నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు కానీ, అక్క నవ్వు వినబడుతుంటే తిట్టు కుదరక, తనూ నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఆ రాత్రి బియ్యం డబ్బాలోంచి ఫోటో తీసి, ఇంకోసారి చూసి, తిరిగి పంపడానికి కవర్లో పెట్టి అంటించాను. అయినా మర్నాడు బడికి వెళ్ళేసరికి ఎర్ర కోటు మిగతా కోట్ల మధ్య మేకుకి వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, మోరా వచ్చి ఒలికిన జ్యూస్ చూపించింది.

ఆ వేసవికి ఒక పంపుల కంపెనీ నా వివరాలు ఏ ఫైల్లోంచో తీసింది. (వాల్వ్ తిప్పడం గురించి ఇంటర్వ్యూలో అడగలేదు, నా అదృష్టం.) బావ 'ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇండస్ట్రీకి మారాడు' అని చెప్పుకున్నాడు. తర్వాత నాకు పెళ్ళైంది, డాక్టరు గారి అమ్మాయితో కాదు, చేతులు జోడించగలిగే స్థితిలో ఉండగా చూసిన ఇంకో మామగారి అమ్మాయితో. ఇల్లు కొన్నాం. కూతురు పుట్టింది, పెరిగింది, ఈమధ్య ఒకరోజు భోజనాల దగ్గర తనకి నచ్చిన కుర్రవాడొకడున్నాడని చెప్పింది. జెర్సీ సిటీలో ఏదో బ్యాంకులో చేస్తున్నాడట. "నీ ఇష్టమేనమ్మా, మాదేముంది" అని పెద్ద మనసుతో అనేసి, "ఏ వీధిలో?" అని మాటవరసకి అడిగాను.

ఆ గురువారం నాకు జెర్సీ సిటీలో పనేమీ లేదు. అయినా వెళ్ళాను. మంచి సూటు వేసుకున్నాను. ఆ అద్దాల మేడ లాబీలో, ఆఫీసు వాళ్ళు తమ పిల్లల్ని తీసుకొచ్చే రోజట, ఒకటే గోల. మా అమ్మాయి ఫోటోలో చూపించిన కుర్రవాడు నేల మీద చాప పరిచి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, అట్టముక్కలతో ఏదో మేడ కడుతున్నాడు. ఒక బుజ్జిగాడు నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, చిట్టచివరి ముక్క పైన పెట్టబోతున్నాడు. మేడ ఊగకుండా ఆ కుర్రవాడు కింద రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. నాకు తెలియకుండానే నా పెదాలు 'కదలకు, కదలకు' అంటున్నాయి. అప్పుడు వాడు తలెత్తి నన్ను చూశాడు. మా అమ్మాయి నా ఫోటో చూపించి, పాఠం బాగా చెప్పి ఉంటుంది. గభాల్న లేచి, పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం అంకుల్!" అన్నాడు. వెనకాల మేడ కూలిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఎలా ఉన్నాడు?" అంది.

"బంగారంలాంటి కుర్రాడు. చూడగానే లేచొచ్చి నమస్కారం పెట్టాడు."

"మరి మొహం అలా పెట్టారేం?"

మేడ సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, నన్నోసారి ఎగాదిగా చూసి, "మీ మామగారు కూడా మీరు లేచి నమస్కారం పెట్టారనే నన్నిచ్చారు. పెట్టకపోయి ఉంటే ఇవాళ ఈ కాఫీ ఎవరిచ్చేవారు? ఫోన్ చేసి వాళ్ళ అమ్మానాన్నల్ని భోజనానికి పిలవండి" అంది.

పిలిచాను. ఆ కుర్రవాడు నాకు నచ్చాడు కూడా, అది నిజం. కానీ ఫోన్ పెట్టేశాక కాఫీ తాగుతూ కూర్చుంటే మనసంతా ఆ లాబీలోనే ఉంది. సూటు వేసుకుని అంత దూరం వెళ్ళి నేను వెతికింది అల్లుణ్ణి కాదేమో, ముక్కు మీద కాగితప్పువ్వుతో నిలబడ్డ ఆ వెర్రి కుర్రాణ్ణేమో అనిపించింది. వాణ్ణి ఆ గుండె డాక్టరు గారు వద్దన్నారు. నేనైతే నమస్కారం పెట్టినా పెట్టకపోయినా, అక్కడికక్కడే పిల్లనిచ్చేసేవాణ్ణి.